అపాయకరమైన సరకులు మోసినచో రైతు రుసుము చెల్లింపవలెనా?

మేళ్లచెరువు ప్రాంతమున సున్నపురాతి గనులును, సిమెంటు కర్మాగారములును గలవు. గనులకు ప్రేలుడు మందులు మోయు బండ్లును, రైతుల ట్రాక్టర్లును ఒకే బాటను పోవుచుండును. కావున, పొలమునకు డీజిలు పీపా తీసికొనిపోవుటకును లైసెన్సు రుసుము కట్టవలెనా యను సందేహము సభ్యులకు కలుగుట సహజమే.

అక్కరలేదు. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టమున డీజిలు ‘బి’ తరగతికి చేరినది. ఒకచోట మొత్తము 2,500 లీటర్లకు మించక, ఏ పాత్రయందును 1,000 లీటర్లు దాటకున్నచో లైసెన్సు లేకయే దానిని నిలువ చేయవచ్చును, మోయవచ్చును. ఇంజనునకు కొనిపోవు 200 లీటర్ల పీపా ఈ హద్దునకు లోబడినదే. పెట్రోలు సంగతి వేరు. అది చల్లని వేళను సయితము ఆవిరియై అంటుకొనును. అందుచేత అమ్మకమునకు గాక స్వంత వాడుకకు 30 లీటర్ల వరకే అనుమతి; అదియు 25 లీటర్లకు మించని లోహపు డబ్బాలలో ఉండవలెను. మందు చల్లు యంత్రమునకు ఇది చాలును.

రైతు నిజముగా భయపడవలసినది బాడుగ విషయమున. గనిలో రాతిని పగులగొట్టు మందులను 2008వ సంవత్సరపు నిబంధనల ప్రకారము లైసెన్సు పొందిన వ్యానులోనే తరలింపవలెను. నాలుగు రూపాయలు అధికముగా వచ్చునని ట్రాక్టరు ట్రక్కులో వేసికొనుట నేరము, ప్రాణాపాయము. అమోనియము నైట్రేటు చూపునకు ఎరువువలెనే తెల్లగా నుండును; 2012 నుండి దానికి ప్రత్యేక నియమములు గలవు. బస్తాపై పేరు చదువనిదే బాడుగ ఒప్పుకొనవలదు.

అమెరికా దేశమున ఇట్టి సరకులు మోయువారు ఏటేట రిజిస్ట్రేషను రుసుము చెల్లింతురు. ఆ సొమ్ము ప్రమాదస్థలమునకు ముందుగా చేరువారికి శిక్షణ నిచ్చుటకు వినియోగపడును. స్వంత సేద్యమునకై మోసికొను రైతునకు అచ్చటను మినహాయింపు గలదు.

రుసుము లేదనగా జాగ్రత్త అక్కరలేదని కాదు. 1958లో ఓడలో పురుగుమందుతో కలిసి వచ్చిన గోధుమపిండి తిని కేరళ, మద్రాసు రాష్ట్రములలో నూరుమందికి పైగా మరణించిరి. 1968 నాటి పురుగుమందుల చట్టమునకు ఆ దుర్ఘటన యొక కారణము. తిండిగింజలకుగాని పశువుల దాణాకుగాని తగులునట్లు మందులను మోయరాదని నేటి నియమము. సంఘము గిడ్డంగినుండి ఒకే బండిలో మందును తవుడును వేసికొని పోవువారిని మేము పలుమార్లు చూచితిమి. డబ్బా కారి తవుడు తడిసినచో, ఎంత ఖరీదైనదైనను, పరీక్ష కానిదే పశువులకు పెట్టరాదు.