డీజిల్ డ్రమ్ములో నీరు, పైపులో గాలి: ఇంజను మొరాయించకుండా ఏం చూసుకోవాలి

వాగు నుంచో కాలువ నుంచో ఆయిల్ ఇంజనుతో నీరు పెట్టుకునే రైతుకు, వరి పొట్ట దశలో ఉన్నప్పుడు ఇంజను మొరాయిస్తే ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. ట్రాక్టరు ఉన్నవారికి దుక్కి అదనులో ఇదే తిప్పలు. మెకానిక్ వచ్చి నాజిల్ పోయిందనో, పంపు పోయిందనో చెబుతాడు. వేలు ఖర్చు పెట్టి బాగు చేయిస్తారు. కానీ దాన్ని పాడుచేసిన నీరు, మడ్డి ఇంటి దగ్గర డ్రమ్ములో అలాగే ఉంటాయి. కొన్నాళ్లకు మళ్లీ అదే ఇబ్బంది. అందుకే ముందు డ్రమ్మును, అక్కడి నుంచి ఇంజను దాకా డీజిల్ వెళ్లే దారిని చూసుకోవాలి.

డ్రమ్ములోకి నీరు ఎలా వస్తుంది?

నీరు కనబడగానే బంకులో కల్తీ జరిగిందనుకుంటాం. చాలాసార్లు ఆ నీరు గాలి నుంచే వస్తుంది. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో మిగతాదంతా గాలే. రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలోని తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. డీజిల్ నీటికన్నా తేలిక కాబట్టి నీరు అడుగున చేరుతుంది. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము అయితే మరో ముప్పు ఉంది. పైన వాన నీరు నిలిస్తే, లోపలి గాలి చల్లబడి కుదించుకున్నప్పుడు మూత సందుల నుంచి ఆ నీటిని లోనికి లాగుతుంది.

నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టరులో ఈ జిగురు కనిపిస్తే ఫిల్టరు ఒక్కటి మారిస్తే సరిపోదు. డ్రమ్ము, ఇంజను ట్యాంకు రెండింటి అడుగూ శుభ్రం చేయాలి. ఇంధన పంపు లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. వాటికి డీజిలే కందెన. అక్కడికి నీరు చేరితే తుప్పు పట్టి అరిగిపోతాయి.

200 లీటర్ల డ్రమ్మును నీడలో, స్టాండు మీద అడ్డంగా పడుకోబెట్టండి. కుళాయి ఉన్న వైపు కాస్త ఎత్తుగా, వెనుక వైపు పల్లంగా ఉండాలి. అప్పుడు నీరు, మడ్డి వెనక్కి చేరతాయి, కుళాయికి తేట డీజిల్ వస్తుంది. నిలబెట్టిన డ్రమ్ము నుంచి చేతిపంపుతో తోడేవారు గొట్టం అడుగుకు ఆనకుండా మూడు అంగుళాలు పైన ఉంచాలి. కొత్త డీజిల్ పోశాక ఒక రోజు తేరనిచ్చి వాడండి. గరాటుకు సన్నని ఇనుప జాలి వాడాలి. నూలు గుడ్డతో వడకడితే దాని పోగులే ఫిల్టరుకు అడ్డం పడతాయి. జింకు పూత ఉన్న జి.ఐ. డబ్బాలు, పైపులు డీజిల్‌కు పనికిరావు. జింకు డీజిల్‌తో కలిసి జిగట పదార్థంగా మారుతుంది. ట్రాక్టరు ట్యాంకును పొద్దున కాకుండా, సాయంత్రం పని ముగియగానే నింపి పెడితే రాత్రి తేమ పట్టడానికి లోపల చోటుండదు.

డ్రమ్ము అడుగు అంచున తుప్పు పొక్కులు లేచినా, కింద మట్టి తడిగా కనిపించినా డ్రమ్ము మార్చే సమయం వచ్చినట్లే. సబ్బు పూసి, ఎం-సీల్ పెట్టి నెట్టుకురావద్దు. కారుతున్న డ్రమ్మును గానీ, ట్రాక్టరు ట్యాంకును గానీ నేరుగా వెల్డింగ్‌కు ఇవ్వడం అంతకన్నా ప్రమాదం. డీజిల్ అంతా తీసేసినా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది, నిప్పు తగిలితే డ్రమ్ము పేలిపోతుంది. "ఖాళీదే కదా" అనుకునేచోటే ప్రాణాలు పోతాయి. పాత డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోయించడం కూడా ఇలాంటిదే.

పైపులో కారుతోందా, గాలి పీలుస్తోందా?

ట్యాంకు ఇంజను కన్నా పైన ఉండే చిన్న ఆయిల్ ఇంజన్లలో పైపు ఎక్కడ చీలినా డీజిల్ కారుతుంది, కంటికి కనబడుతుంది. ఫీడ్ పంపు ఉన్న ట్రాక్టర్లలో అలా కాదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు పీల్చే వైపు ఉంటుంది. అక్కడ చిన్న చీలిక ఉంటే డీజిల్ బయటికి రాకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. ఇంజను స్టార్టయి కాసేపటికి ఆగిపోవడం, లోడు మీద గుటక వేసినట్లు ఆడటం దీని గుర్తులు. ఇలాంటప్పుడు పంపు విప్పించే ముందు ఆ పైపును చేత్తో వంచి చూడండి. రబ్బరు గట్టిపడి నెర్రెలు బారినా, క్లిప్పు వదులైనా అదే కారణం కావచ్చు. పైపు మార్చేటప్పుడు డీజిల్‌కు తట్టుకునే పైపే అడిగి కొనండి. నీళ్ల ప్లాస్టిక్ పైపు కొద్ది రోజుల్లో గట్టిపడి చీలుతుంది. బోల్టు విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేస్తే మంచిది. అరిగిన వాషరుతో ఎంత బిగించినా కారుడు ఆగదు, పైగా మర పోతుంది.

పైపు, ఫిల్టరు మార్చాక గాలి తీయాలి. ఫిల్టరుపై ఉన్న గాలి స్క్రూ కాస్త వదులు చేసి, ప్రైమరును చేత్తో కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చాక, కొడుతూనే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు దగ్గర కూడా ఇలాగే.

పంపు నుంచి నాజిల్‌కు వెళ్లే సన్నని ఉక్కు పైపుల జోలికి మాత్రం ఇంజను నడుస్తుండగా వెళ్లకండి. అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ. కారుతోందేమోనని వేలు పెడితే, సూదిలా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా, నొప్పి లేకపోయినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. డీజిల్ ఒంట్లోకి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయి తీసేయాల్సి వస్తుంది.

సెకనుకు ఒక చుక్క కారినా ఎనిమిది గంటల పనిలో సుమారు లీటరున్నర పోతుంది. అదే ఇంజను బావి గట్టున ఉంటే ఆ నూనె బావిలోకి దిగుతుంది. ఇంజను కింద రేకు ట్రే పెట్టి, డ్రమ్మును బావికి, బోరుకు, వంటింటికి దూరంగా ఉంచండి.

చట్టం సంగతి కొందరు అడుగుతుంటారు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే డీజిల్ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. పెట్రోలుకు ఈ లెక్క వర్తించదు.

డ్రమ్ము అడుగు నుంచి తీసిన మురికి డీజిల్‌ను కాలువలో గానీ, గట్టు మీద గానీ పారబోయవద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో అడిగి ఇవ్వండి.