చిప్ అదే, వేగం వేరు

2024 ఆగస్టులో ఏఎండీ రైజెన్ 9000 ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చాయి. కంపెనీ చెప్పుకున్న గేమింగ్ వేగం మాత్రం సమీక్షకులకు కనిపించలేదు. పాత 7000 సిరీస్‌కూ వీటికీ పెద్ద తేడా లేదని చాలామంది పెదవి విరిచారు.

తిరకాసు కొంత విండోస్‌లో ఉంది. గేమ్ నడుస్తుంటే 'తూటా తగిలిందా, లేదా' లాంటి షరతులు క్షణక్షణం ఎదురవుతాయి. జవాబు తేలేదాకా ప్రాసెసర్ ఖాళీగా కూర్చోదు. టిఫిన్ సెంటర్‌లో రోజూ వచ్చేవాడు కనబడగానే పెనం మీద దోసె పోసేసినట్టు, ముందే ఊహించి పని మొదలెడుతుంది. ఊహ తప్పితే చేసిందంతా పారేసి మళ్లీ మొదటికి రావాలి. ఇలా ముందే ఊహించడాన్నే బ్రాంచ్ ప్రెడిక్షన్ అంటారు.

ఏఎండీ చిప్‌ల కోసం బ్రాంచ్ ప్రెడిక్షన్‌కు సంబంధించిన కోడ్‌ను విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో మెరుగుపరిచారు. సమీక్షకుల దగ్గరున్న విండోస్‌లో ఆ మెరుగుదల లేదు. తన పరీక్షలు అడ్మిన్ మోడ్‌లో జరిగాయని, అందుకే ఆ లాభం వాటిలో కనిపించిందని ఏఎండీ వివరణ ఇచ్చుకుంది. నెలాఖరుకు ఆ మెరుగుదల పాత వెర్షన్ 23హెచ్2 వాడేవాళ్లకూ ఆప్షనల్ అప్‌డేట్‌గా అందింది. తమాషా ఏమిటంటే, దాంతో పాత 7000 సిరీస్ కూడా పుంజుకుంది!

అంతకుముందు 2021 అక్టోబరులో కథ ఇందుకు తిరగబడి నడిచింది: విండోస్ వల్లే వేగం తగ్గింది. కొత్తగా వచ్చిన విండోస్ 11లో రైజెన్ చిప్‌ల లోపలి మెమరీ అయిన ఎల్3 క్యాష్ నెమ్మదించి, కొన్ని ఈ-స్పోర్ట్స్ గేమ్‌ల వేగం 10-15 శాతం దాకా పడిపోవచ్చని ఏఎండీయే హెచ్చరించింది. అదే నెలలో ప్యాచ్ వచ్చింది.

కాబట్టి కొత్త ప్రాసెసర్‌కు డబ్బు పెట్టేముందు విండోస్, చిప్‌సెట్ డ్రైవర్, బయోస్ అప్‌డేట్ చేసి చూడండి. 4కెలో ఆడేవాళ్లు పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, అక్కడ భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డుదే.