నాటి రేడియం నీళ్ళు – నేటి శక్తి బిళ్ళలు

మోకాళ్ళ నొప్పులతో బాధపడుచున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇటీవల నా వైద్యశాలకు వచ్చినారు. నాడి చూచుచుండగా ఆమె మెడలో నల్లదారమునకు వ్రేలాడుచున్న గుండ్రని నల్లబిళ్ళ కనబడినది. అదేమని అడిగితిని.

"శక్తి బిళ్ళ అండీ, వైద్యులుగారూ. మా అల్లుడు వేలు పోసి కొని పంపినాడు. రాత్రింబవళ్ళు ధరిస్తే నొప్పులు పోతాయట. ఇందులో మందేమీ లేదు, అగ్నిపర్వతపు రాతిపొడి. ప్రకృతి ఇచ్చినదే కదా, చెరుపు చేయదు" అన్నారామె.

ఆ చివరి మాట నన్ను ఆలోచింపజేసినది. వృత్తి ఆరంభించిన క్రొత్తలో నేనును రోగులకు అదే మాట ధైర్యముగా చెప్పినవాడనే.

2021 డిసెంబరులో నెదర్లాండ్స్ దేశపు అణు భద్రతా సంస్థ ఇట్టి కంఠాభరణములు, కంకణములు మొదలగు పది వస్తువులు రేడియోధార్మికములని తేల్చి, వాటిని ధరించవద్దని ప్రజలను హెచ్చరించినది. వాటి కిరణముల పరిమాణము స్వల్పమే. కాని ఏడాది పొడవున రేయింబవళ్ళు ఒంటిని అంటియుండినచో చర్మమునకు నిర్ణయించిన హద్దు దాటవచ్చునని ఆ సంస్థ తెలిపినది. ఆమె బిళ్ళలో ఏమున్నదో కొలుచు యంత్రము నావద్ద లేదు. కాని ఇట్టి కథ లోకమునకు క్రొత్తది కాదు.

మన ఒంటిలోనే ఉన్నది

కొన్ని పదార్థముల పరమాణువులు తమంతట తాము విచ్ఛిన్నమగుచు కిరణములను వెలువరించును. దీనినే రేడియోధార్మికత అందురు. 1896లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకెరెల్ దీనిని కనుగొనినాడు.

ఈ పేరు వినగానే మనకు అణుబాంబు గుర్తుకు వచ్చును. కాని అరటిపండులో, కొబ్బరినీళ్ళలో, కందిపప్పులో ఉండు పొటాషియంలో అత్యల్ప భాగము సహజముగానే రేడియోధార్మికము. ఒక్క అరటిపండులో సెకనుకు పది పదిహేను పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును. పెద్దవారి శరీరములో ఈ పొటాషియం వలననే సెకనుకు సుమారు 4,000 విచ్ఛిన్నతలు జరుగుచుండును. భయపడి అరటిపండు మానవలసిన పని లేదు. ఆరోగ్యవంతుని శరీరము పొటాషియంను తగినంతే నిలుపుకొని, మిగిలినదానిని మూత్రముతో విసర్జించును.

పూర్వము మన పెండ్లి పందిళ్ళలో వెలిగిన పెట్రోమాక్స్ దీపపు మాంటిల్‌కు ఆ తెల్లని కాంతి వచ్చినది థోరియం అను రేడియోధార్మిక ధాతువు వలననే. భీమునిపట్నం తీరపు ఇసుకలోను, కేరళలోని కరునాగపల్లి తీరమునను థోరియం గల మోనజైట్ ఉన్నది. కరునాగపల్లిలో సుమారు 70,000 మందిని పదేండ్లకు పైగా పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనములో, ఆ ఇసుక కిరణముల వలన క్యాన్సరు పెరిగినట్లు కనబడలేదు.

కనుక రేడియోధార్మికత అన్నంతనే మృత్యువు కాదు. ఎంత, ఎక్కడ, ఎంతకాలము అన్నవే ముఖ్యము. మా గురువుగారు విషమునకు, ఔషధమునకు నడుమ ఉన్న గోడ మాత్ర ఒక్కటే అనెడివారు.

సీసాలో నింపిన మృత్యువు

1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొనినారు. అది చీకటిలో వెలుగును. క్యాన్సరు గడ్డలను కరిగించుటకు వైద్యులు దానిని వాడసాగిరి. అంతట వ్యాపారులు మేల్కొనిరి. గడ్డను కరిగించునది బలమును ఈయదా అను తర్కముతో రేడియం నీళ్ళు, లేపనములు అంగళ్ళకు వచ్చినవి.

1920 దశకములో అమెరికాలో "రేడితార్" అను రేడియం నీళ్ళను చిన్న సీసాలలో అమ్మెడివారు. ఎబెన్ బయర్స్ అను సంపన్న పారిశ్రామికవేత్త 1927లో రైలుపెట్టెలోని పడక మీద నుండి పడి చేతికి దెబ్బ తగిలించుకొనగా, ఈ నీళ్ళు త్రాగుమని వైద్యుడే సలహా ఇచ్చినాడు. మొదట ఒంటికి ఉత్సాహము కలిగినట్లు తోచినది. ఆ ఉత్సాహమే ఆయన కొంప ముంచినది. దాదాపు 1,400 సీసాలు త్రాగినాడు. పిమ్మట పండ్లు ఊడినవి, దవడ ఎముక శిథిలమైనది. 1932 మార్చి 31న ఆయన మరణించినాడు. సీసపు రేకు తాపడము చేసిన పెట్టెలో పెట్టి ఖననము చేసినారు.

ఇట్లేల జరిగినది? శరీరము రేడియంను సున్నపు ధాతువుగా భ్రమించి ఎముకలలో చేర్చుకొనును. రేడియం సగమునకు తరుగుటకే సుమారు 1,600 సంవత్సరములు పట్టును. అనగా అది జీవితాంతము లోపలనుండి ఎముకను కాల్చుచునే ఉండును. గడియారపు అంకెలకు రేడియం రంగు వేయుచు, కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనిన అమెరికా యువతులనేకులు ఈ విధముగనే బలియైనారు.

ఆ కాలపు మందులనేకములలో రేడియం నామమాత్రముగా కూడ లేదు. అవి కొన్నవారు డబ్బు మాత్రమే పోగొట్టుకొనిరి. నిజమైన సరకు కొన్నవాడు ప్రాణమే పోగొట్టుకొన్నాడు!

మనకును పాఠమే

రేడియం కూడ ప్రకృతి ఇచ్చినదే. పాషాణము, పాదరసము, సీసము కూడ అంతే. మా రసశాస్త్రములో భస్మములకు శుద్ధి, మారణము, పరీక్ష, పథ్యము విధించినది అందులకే. వైద్యుని అడుగకుండ, ఎవరు చేసినదో తెలియని భస్మమును నెలల తరబడి మ్రింగువారిని నేను చూచుచునే ఉన్నాను. వారిని వారింపక, శక్తి బిళ్ళను మాత్రము నిందించు అర్హత నాకు లేదు.

పాఠకులు గమనింపవలసినవి

1. "శక్తి కిరణములు" వెలువరించునని చెప్పు బిళ్ళలు, కంకణములు ధరించరాదు. పిల్లలకు అసలే తొడగరాదు.

2. వాడగానే హుషారు కలిగినంత మాత్రమున అది మంచి మందని నమ్మరాదు.

3. పాత సామానులలో దొరకిన మెరుపుపొడిని, మూడు రెక్కల హెచ్చరిక గుర్తుగల లోహపు పెట్టెలను తాకరాదు, పోలీసులకు తెలుపవలెను. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో నీలికాంతి గల పొడిని ముచ్చటపడి ఇంటికి తెచ్చుకొనగా నలుగురు మరణించినారు. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారులో కోబాల్ట్ వలన ఒకరు మరణించినారు.

4. క్యాన్సరుకు కిరణ చికిత్స అవసరమని నిపుణులు చెప్పినప్పుడు, భయపడి దానిని మాని మావంటివారి వద్దకు పరుగెత్తరాదు. అచ్చట మాత్రను కొలిచి ఇచ్చువారున్నారు.

ఉపాధ్యాయిని బిళ్ళ తీసి కాగితములో చుట్టినారు. "అల్లుడు అడిగితే ఏమి చెప్పను?" అన్నారు. "ఈ వ్యాసము చదువుమని చెప్పండి" అంటిని. నొప్పికి ప్రతిదినము మహానారాయణ తైలముతో మర్దనము, వావిలాకు మరిగించిన నీటితో కాపడము చెప్పి పంపితిని. నెల తరువాత వచ్చినప్పుడు మెట్లు ఎక్కుట కొంత సులువైనదని చెప్పినారు. పూర్తిగా పోలేదు. పోయినదని వ్రాసినచో, నాకును ఆ రేడియం నీళ్ళ వర్తకునికిని భేదమేమి?