షేరు అంటే వాటా

మన శ్రీకూర్మంలో నలుగురు కలిసి ఒక గేదెను కొన్నారనుకుందాం. ఒక్కొక్కరిది పావలా వాటా. పాలు అమ్మితే లాభం నలుగురిదీ. గేదె చచ్చిపోతే నష్టమూ నలుగురిదే.

కంపెనీ షేరు కూడా ఇలాంటి వాటాయే. కంపెనీ బాగుంటే షేరు ధర పెరుగుతుంది. దెబ్బతింటే పడిపోతుంది.

హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అనే పెద్ద కంపెనీ ఉండేది. దాని లెక్కలు దొంగవని 2009 జనవరి 7న ఛైర్మనే ఒప్పుకున్నారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు, ఆ సాయంత్రానికి 40 రూపాయలకు పడిపోయింది.

అక్కలారా! షేరు కొనడం తప్పు కాదు. కానీ పిల్ల చదువుకు దాచిన డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు అందులో పెట్టకండి. "నష్టమే రాదు, రెట్టింపు ఇస్తాం" అని ఎవరైనా వస్తే అడగండి: చావని గేదె ఉంటుందా? సంతకం పెట్టే ముందు కాగితం మీరే చదవండి.