తక్కువ ఖర్చుతో శుభలేఖల తయారీ

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• శుభలేఖ ఖర్చును స్థిర వ్యయం, చర వ్యయంగా విడదీయగలుగుతారు.
• కార్డుల సంఖ్యను బట్టి ముద్రణ పద్ధతిని ఎంచుకోగలుగుతారు.
• అచ్చుకు ముందు ముహూర్తం వివరాలను సరిచూసుకోగలుగుతారు.

1. పరిచయం
మంగళగిరిలో ఒక చేనేత కుటుంబం తమ అమ్మాయి పెళ్లికి 300 శుభలేఖలు వేయించాలనుకుంటోందని ఊహించండి. దుకాణంలో తయారుగా ఉన్న కార్డును ఎంచుకుంటే, దాని ధరలో అట్ట, రంగులు, బంగారు పూత, కవరు, దుకాణదారు లాభం అన్నీ కలిసి ఉంటాయి. వీటిని విడదీసి చూస్తే ఏది మీరే చేసుకోవచ్చో, ఏది మానుకోవచ్చో తెలుస్తుంది.

2. రూపకల్పన
మంగళగిరి చీరను గమనించండి. చీరంతా సాదాగా ఉంటుంది, అందం జరీ అంచులో ఉంటుంది. శుభలేఖకూ ఇదే సూత్రాన్ని పాటించవచ్చు. మీగడ రంగు అట్ట, ఒకే కుంకుమ రంగు సిరా, చుట్టూ ఒక అంచు చాలు. బొమ్మ కావాలంటే ఊరి గాలిగోపురాన్ని గీతలతో గీయండి. గీతల బొమ్మ ఒక్క రంగుతో అచ్చవుతుంది. రంగుల ఫొటోకు సాధారణంగా నాలుగు రంగులు కావాలి.

ఏ4 అట్టను సగానికి కోస్తే రెండు ఏ5 కార్డులు వస్తాయి. ఏ5 కార్డును ఒక మడత పెడితే సీ6 కవరులో సరిపోతుంది. 250 జీఎస్ఎం అంటే చదరపు మీటరు అట్ట బరువు 250 గ్రాములు. చదరపు మీటరులో ఏ5 కార్డులు 32 వస్తాయి కనుక ఒక్కో కార్డు బరువు సుమారు 8 గ్రాములు. పోస్టులో పంపే కార్డులకు ఈ లెక్క అవసరం, ఎందుకంటే బరువు పెరిగితే తపాలా ఖర్చు పెరుగుతుంది.

మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో వత్తులు పంక్తి కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఖాళీ ఎక్కువ ఉంచండి. డీటీపీ కేంద్రానికి ఫైలును పీడీఎఫ్‌గా ఇవ్వండి. లేకపోతే అక్కడి కంప్యూటరులో ఆ ఫాంటు లేనప్పుడు అక్షరాలు చెదిరిపోవచ్చు.

3. ముద్రణ పద్ధతి, ఖర్చు
స్క్రీన్ ప్రింటింగులో చట్రానికి బిగించిన సన్నని వస్త్రానికి ఎమల్షన్ పూసి, ఆరనిచ్చి, నల్లని అక్షరాలున్న పాజిటివ్ ఉంచి వెలుతురు చూపుతారు. వెలుతురు తగిలిన చోట పూత గట్టిపడుతుంది. నలుపు కప్పిన చోట నీటితో కడిగితే పోతుంది. సిరా ఆ ఖాళీల గుండానే దిగుతుంది. ప్రతి రంగుకూ వేరే స్క్రీన్ కావాలి. అందుకే రెండో రంగు వేస్తే స్థిర వ్యయం దాదాపు రెట్టింపవుతుంది.

లెక్క నేర్చుకోవడానికి కొన్ని ధరలు అనుకుందాం. అట్ట, కవరు ఖర్చు రెండు పద్ధతుల్లోనూ ఒకటే కనుక వదిలేద్దాం.
• స్క్రీన్: స్థిర వ్యయం రూ. 600, కార్డుకు రూ. 2.
• డిజిటల్ ప్రింటు: స్థిర వ్యయం లేదు, కార్డుకు రూ. 6.

రెండు ఖర్చులూ సమానమయ్యే సంఖ్య = 600 ÷ (6 – 2) = 150. 100 కార్డులకు స్క్రీన్ ఖర్చు రూ. 800, డిజిటల్ ఖర్చు రూ. 600. 300 కార్డులకు స్క్రీన్ ఖర్చు రూ. 1,200, డిజిటల్ ఖర్చు రూ. 1,800. మీ ఊరి ధరలు కనుక్కుని ఇదే సూత్రంలో వేసి చూడండి. కార్డులను మనిషికొకటి కాకుండా ఇంటికొకటి చొప్పున లెక్కించండి.

4. అచ్చుకు ముందు పరిశీలన
పొదుపు చేసినదంతా ఒక్క తప్పుతో పోవచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది రాత్రి ముహూర్తం. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, క్యాలెండరు తేదీ అర్ధరాత్రి మారుతుంది. 12వ తేదీ బుధవారం రాత్రి గడిచి 2 గంటల 30 నిమిషాలకు ముహూర్తం అనుకోండి. కార్డులో “13వ తేదీ గురువారం రాత్రి 2.30” అని పడితే బంధువులు గురువారం రాత్రి బయలుదేరుతారు. వాళ్లు వచ్చేసరికి పెళ్లి అయిపోయి ఒక రోజు గడిచి ఉంటుంది. కాబట్టి “12వ తేదీ బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, 2 గం. 30 ని.లకు” అని స్పష్టంగా రాయించండి.

నమూనా కార్డును ఒకరు పైకి చదువుతుంటే మరొకరు లగ్నపత్రికతో పోల్చాలి. ఇంటిపేర్లను వియ్యాలవారికి చూపించాలి. ఆ తరువాతే అచ్చుకు అనుమతి ఇవ్వండి.

5. అచ్చు తరువాత
సిరా పూర్తిగా ఆరాక, మడత వచ్చే చోట స్కేలు ఆనించి మొద్దు అంచుతో గీత లాగి మడవండి. అట్ట పగలదు. నాలుగు మూలలా సెంటీమీటరు ఖాళీ ముందే వదిలి ఉంటే పసుపు అద్దినప్పుడు అక్షరాలు చెడవు. వధూవరుల పేర్లకు విడిగా ఒక చిన్న స్క్రీన్ చేయిస్తే అదే కవర్ల మీదా, తాంబూలం సంచుల మీదా పనికివస్తుంది.

సారాంశం
రంగులు తగ్గిస్తే స్థిర వ్యయం తగ్గుతుంది. కార్డుల సంఖ్య పెరిగేకొద్దీ స్క్రీన్ ముద్రణ చౌక అవుతుంది. ముహూర్తం సరిచూడకుండా అచ్చు వేస్తే రెండోసారి ఖర్చు తప్పదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పై ఉదాహరణలో డిజిటల్ ప్రింటు కార్డుకు రూ. 5 అయితే ఖర్చులు ఎన్ని కార్డుల వద్ద సమానమవుతాయి?
2. రాత్రి ముహూర్తాన్ని కార్డులో ఎలా రాయాలి? ఎందుకు?

జవాబు: 1. 200 కార్డులు. 2. విభాగం 4 చూడండి.