ఆంగ్లవాక్యమున ప్రక్రమభంగము: ఉన్నతపాఠశాలలలో దాని బోధనము

ఒక వాక్యమునందు సమానాధికారముతో నిలుచు పదములుగాని, పదబంధములుగాని, ఉపవాక్యములుగాని యొకే వ్యాకరణరూపమున నుండవలె నను నియమమునకు ఆంగ్లవైయాకరణులు ‘పారలల్ స్ట్రక్చర్’ అని పేరిడిరి. దీనిని సమాంతరరచన యని తెనిఁగించుట కలదు. ఉన్నతపాఠశాలలలో దీనిని నేర్పునపుడు రెండు మూఁడు శుద్ధాశుద్ధవాక్యముల నిచ్చి, కొంత యభ్యాసము చేయించి విడుచుట వాడుక. విద్యార్థి యా వాక్యములను దిద్దుట నేర్చును. తప్పేల పుట్టెనో మాత్ర మెఱుఁగఁడు. కారణ మెఱుఁగనివాఁడు క్రొత్తవాక్యమున మరల నా తప్పునే చేయును. ఆ కారణము విద్యార్థి మాతృభాషలో నున్నది; దాని పరిశోధనము సంస్కృతశాస్త్రములలో నున్నది. కావున నీ పాఠమునఁ దెలుఁగుపండితునకుఁ గూడ భాగము కలదు.

హనుమకొండలోని సుబేదారి యీ విచారమునకుఁ దగిన తావు. నైజాము రాజ్యమున వరంగల్లు సుబాకు అధికారియైన సుబేదారునిబట్టి యా ప్రాంతమున కా పేరు కలిగినది. అప్పుడు విద్యకు ఉర్దూ ప్రధానభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే సాగెను. 1948 తరువాతఁ గ్రమముగాఁ దెలుఁగు బోధనాభాష యయ్యెను. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులవఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడి, గణిత ప్రకృతిశాస్త్రాదులకు ద్విభాషాపుస్తకములు, అనఁగా నొక పుటలోఁ దెలుఁగును దాని కెదుటి పుటలో ఆంగ్లమును గలవి, యీయఁబడినవి. ఇట్లు బోధనాభాష రెండుమాఱులు మాఱినను పెక్కుమంది బాలుర యింటిభాష తెలుఁగుగానే యుండెను. ఎదురెదురు పుటలలోని రెండు వాక్యములను ఒకదానితో నొకటి పోల్చి చూపఁగలవాఁడు రెండు భాషల వ్యాకరణమర్మము నెఱిఁగినవాఁడే.

ఈ దోషము మన యాలంకారికులకుఁ గ్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దమునఁ గాశ్మీరకుఁడగు మహిమభట్టు తన వ్యక్తివివేకమున ప్రక్రమభేదమను పేర దీనిని విస్తరించి విమర్శించెను. మమ్మటుఁడు కావ్యప్రకాశమున భగ్నప్రక్రమమని దీనిని వాక్యదోషములలోఁ జేర్చెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు రచించిన ప్రతాపరుద్రీయమునందు దోషములకు వేఱుగ నొక ప్రకరణమే కలదు. కావున కావ్యదోషవిచారము ఈ నేలకుఁ బరిచితమైనదే. మహిమభట్టు చెప్పిన హేతువు బాలురకును దెలియునట్టిది: ఒకే తీరున నడచుచున్న పాఠకుని బుద్ధి, ప్రక్రమము చెడిన తావున, గుంటలోఁ గాలుపడినవానివలెఁ దొట్రుపడును. ఏ రూపముతో నెత్తుకొంటిమో యా రూపముతోనే ముగింపవలె ననుట ప్రక్రమనియమము. ఆంగ్లనియమ మింతకంటె వేఱుగాఁ జెప్పునది లేదు.

తెలుఁగుబాలుఁడు తప్పుటకు ముఖ్యకారణములు మూఁడు. మొదటిది భావార్థక సంబంధి. ‘వానికిఁ జదువుట, వ్రాయుట, ఈఁదుట యిష్టము’ అనుచో తెలుఁగున మూఁడు క్రియలకును ‘ట’ వర్ణమే చాలును. ఆంగ్లమున ఈ యర్థమునకు రెండు రూపములు గలవు: క్రియకు ముందు ‘టు’ చేర్చునది యొకటి, క్రియకుఁ జివర ‘ఇంగ్’ చేర్చునది యొకటి. రెండును దెలుఁగున నొక్కటిగానే వినఁబడుటచే బాలుఁడు ‘హి లైక్స్ రీడింగ్, రైటింగ్ అండ్ టు స్విమ్’ అని వ్రాయును. సంస్కృత మెఱిఁగినవానికి భేదము చూపుట సులభము. పఠితుమ్ అనునది తుమున్నంతము, పఠనమ్ అనునది ల్యుడంతము. రెండింటిని నొక వరుసలోఁ గలపరాదు. ‘టు’ రూపము తుమున్నంతమునకును, ‘ఇంగ్’ రూపము ల్యుడంతమునకును సర్వత్ర సమములు కాకున్నను, రెండు ప్రత్యయములు రెండు వరుస లని తెలియుట కీ పోలిక చాలును.

రెండవది క్త్వార్థక సంబంధి. తెలుఁగున ‘బాలుఁడు లేచి, స్నానము చేసి, బడికిఁ బోయెను’ అని తుదిక్రియ యొక్కటే సమాపకముగా నుండును. ఉర్దూలో ‘కర్’ చేర్చిన క్రియయు నట్టిదే. ఆంగ్లమున నీ వాక్యమే సాధారణముగా మూఁడు సమాపకక్రియలతో, ‘గాట్ అప్, బేద్డ్ అండ్ వెంట్’ అని నడచును. బాలుఁడు ‘చేసి’ అను అసమాపకమును మనసున నుంచుకొని, నడుమ ‘బేదింగ్’ అని వ్రాయును. ఇది యజ్ఞానము గాదు; మాతృభాషాధర్మమును పరభాషపై నారోపించుట. ఈ మాట చెప్పినచో బాలునకు సిగ్గు తొలఁగును, బుద్ధి పదును పెట్టుకొనును.

మూఁడవది విభక్తిస్థాన సంబంధి. ‘హనుమకొండ, కాజీపేట, వరంగల్లులలో’ అనుచో విభక్తి తుదనుండి వెనుకకుఁ బోయి ప్రతినామముతోను గలియును. ఆంగ్లమున విభక్తిస్థానీయమగు ‘ఇన్’ మొదట నుండి ముందునకు సాగును. వైయాకరణుల మాటలలో నిది అపకర్షము, అది అనువృత్తి. పూర్వసూత్రపదము పరసూత్రములయం దనువర్తించునట్లు ‘ఇన్’ ఒకసారి చెప్పఁబడి తక్కినవాని కన్నింటికిఁ జెల్లును. లేదా ప్రతినామమునకు ముందును వేఱువేఱుగఁ జెప్పవచ్చును. ‘ఇన్ హనుమకొండ, ఇన్ కాజీపేట అండ్ వరంగల్’ అని రెండింటికిఁ జెప్పి మూఁడవదానికి విడుచుట మాత్రము ప్రక్రమభంగము.

ఇది కేవలము రచనాసౌందర్యమునకుఁ జెందిన విషయ మని తలఁపరాదు. ప్రకృతిశాస్త్రప్రయోగమున నొక బాలిక ‘హీట్ ది వాటర్, యాడ్ ది సాల్ట్ అండ్ ది సొల్యూషన్ ఈజ్ ఫిల్టర్డ్’ అని వ్రాసెననుకొందము. నీటిని వేఁడిచేయుము, ఉప్పు కలుపుము అను రెండును విధులు. మూఁడవది విధియా, జరిగినదాని కథనమా? వడపోయవలసినది తానా, లేక ముందే వడపోయఁబడిన ద్రావణము సిద్ధముగ నున్నదా? చదువరి యెఱుఁగఁడు. విధితో నెత్తుకొన్నచో విధితోనే ముగింపవలెను. ఆంగ్లమున శాస్త్రములు చదువు బాలికకు ప్రక్రమభంగము మార్కుల నష్టముతోఁ బోక, అర్థనష్టమునకుఁ గారణమగును.

బోధనక్రమ మిట్లుండుట మేలు. తొలుత దోషముగల తెలుఁగువాక్యమునే యీవలెను. ‘వేయిస్తంభముల గుడి ప్రాచీనమైనది, శిల్పశోభితమైనది, జనులు చూడవత్తురు’ అనఁగనే తరగతిలోని వారందఱును మూఁడవభాగమునఁ దొట్రుపడుదురు. ‘దర్శనీయమైనది’ అని వారే దిద్దుదురు. 1163 నాఁటి శాసనముగల రుద్రదేవుని గుడి సుబేదారి బాలురు చూచినదే కావున నుదాహరణము నోటికి వెంటనే పట్టును. పిమ్మట దోషముగల ఆంగ్లవాక్యమును నల్లబల్లపై వ్రాసి, ‘అండ్’, ‘ఆర్’, ‘బట్’ అను సముచ్చాయకములక్రింద గీఁత గీయింపవలెను. అవి కలుపు భాగములను ఒకదానిక్రింద నొకటిగ నిలువున వ్రాయించినచో రూపభేదము కంటికే కానవచ్చును.

అటుపైఁ బ్రత్యేకాన్వయపరీక్ష. ద్వంద్వముతుదనున్న పదము ప్రతిపదముతోను వేఱువేఱుగ నన్వయించునని శాబ్దికులు చెప్పుదురు. ఆంగ్లమున నుభయసాధారణభాగము మొదట నుండును గాన, దానిని ప్రతిభాగముతోను విడివిడిగఁ జదివింపవలెను. ‘నాట్ ఓన్లీ’, ‘బట్ ఆల్సో’ వంటి జంటపదముల కీ పరీక్ష మిక్కిలి యుపయోగించును. ‘హి నాట్ ఓన్లీ టీచెస్ తెలుగు బట్ ఆల్సో సాన్‌స్క్రిట్’ అనుచో మొదటిదానివెంట క్రియ యున్నది, రెండవదానివెంట నామము మాత్రమే యున్నది. ‘హి టీచెస్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో సాన్‌స్క్రిట్’ అని క్రియను ముందునకుఁ దెచ్చినచో రెండువైపుల నామములే నిలిచి తూనిక సరియగును.

ఇందొక జాగ్రత్త వలయును. చకారమునకు సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము అని నాలుగర్థములు చెప్పఁబడినవి. అన్వాచయమున నొకటి ప్రధానము, వేఱొకటి యానుషంగికము: భిక్షకుఁ బొమ్మని, దారిలో గోవు కనఁబడిన దానిని గూడఁ దోలుకొని రమ్మని పంపినట్లు. రెండర్థములు సమానములు కానిచోట రూపసామ్యమును బలవంతముగఁ దెచ్చుట గుణముకాదు. అప్రధానమగు క్రియను ఆంగ్లమునను అసమాపకముగనో ఉపవాక్యముగనో యుంచుటయే యుచితము. కావున బాలుఁడు మొదట నడుగవలసిన ప్రశ్న ‘రూపము సమమా?’ అని కాదు, ‘అర్థములు సమకక్ష్యలా?’ అని. అర్థము సమమైనచో రూపము సమము కావలెను. అర్థము విషమమైనచో రూపము దానిని దాఁచరాదు. సమత యనఁగాఁ బదసంఖ్య యొక్కటిగా నుండుటయుఁ గాదు. ఒక భాగము పొడుగై వేఱొకటి పొట్టియైనను జాతి యొక్కటియైనఁ జాలును.

ఆంగ్లమాధ్యమము వచ్చినతోడనే తెలుఁగుపండితుని పని తగ్గెనని తలఁచువారు గలరు. ఈ యొక్క పాఠమును బరిశీలించినను ఆ తలంపు నిలువదు. తప్పు పుట్టినచోటు తెలుఁగు. తప్పునకుఁ బేరు పెట్టినది సంస్కృతము. తప్పు కనఁబడినది మాత్రమే ఆంగ్లము. ఆంగ్లోపాధ్యాయుఁడును భాషాపండితుఁడును వారమున కొక గంట యొకే నల్లబల్లయెదుట నిలిచి, ఎదురెదురు పుటలలోని వాక్యములను జతపఱచి చూపినచో, విద్యార్థికి రెండు భాషలును ఒకదానికొకటి దీపమగును.