బిడ్డని చూశారు సరే, తల్లిని చూశారా?

కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అనేవారు మన అమ్మమ్మలు. ఆసుపత్రి గుమ్మం ఎక్కాం కదా, ఇక ఆ భయం లేదనుకుంటాం మనం. నిజమే, చాలా మారింది. మన దేశంలో లక్ష మంది బిడ్డలు ప్రాణాలతో పుడితే 2004-06లో 254 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 97కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మరి ఆసుపత్రికి వెళ్ళాక కూడా కొందరు ఎందుకు దక్కడం లేదు?

మొదటి కారణం రక్తస్రావం. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అది మెత్తబడిపోయినా, మాయ ముక్క లోపల మిగిలినా నెత్తురు ఆగదు. అర లీటరు దాటితే ప్రమాదమే. రెండోది, బి.పి. పెరిగి వచ్చే ఫిట్స్. పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దీన్నే. మూడోది ఇన్‌ఫెక్షన్.

వీటికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో సగం మందికి పైగా ఈ లోపం కనిపించింది. హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాల్సింది 7 కూడా లేకపోతే, మరొకరు తట్టుకోగలిగిన రక్తస్రావం కూడా ఆమె ప్రాణం తీస్తుంది. కవలలున్నా, ముందు సిజేరియన్ అయినా మరింత జాగ్రత్త అవసరం. అలాగని ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి రాదని కాదు.

ఇక ఆలస్యం. తల్లుల ప్రాణాలు తీసే ఆలస్యాలు మూడని 1994లోనే పరిశోధకులు చెప్పారు. "తెల్లారనీ, చూద్దాం" అని ఇంట్లో చేసేది ఒకటి. దారిలో అయ్యేది రెండోది. ఆసుపత్రిలో రక్తం దొరక్కో, డాక్టరు లేకో జరిగేది మూడోది. మొదటి రెండిట్లో పోయిన సమయానికి మూడోది తోడైతే ఇంకేం మిగులుతుంది?

పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తక్కువగానే తోస్తుంది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. సగం ఆసుపత్రుల్లో కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు తల్లి కింద పరిచి, రక్తం కొలిచి, వెంటనే వైద్యం మొదలుపెట్టారు. అక్కడ తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ప్రమాదాలు 60 శాతం తగ్గాయి. గండం గడిచేది సకాలంలో గుర్తించడం వల్లనే!

మనమేం చేస్తున్నాం? బిడ్డ బరువెంత, ముక్కు ఎవరిది, నక్షత్రం మంచిదేనా అని అందరం ఉయ్యాల చుట్టూ చేరతాం. బాలింత "నిద్రపోతోందిలే" అనుకుంటాం. నాకు ఇదే బాధ. మొదటి 24 గంటలు ఇంట్లోవాళ్ళలో ఒకరు తల్లినే కనిపెట్టుకుని ఉండాలి. గంట తిరక్కుండా ప్యాడ్ తడిసిపోయినా, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఆయాసం వచ్చినా వెంటనే నర్సుని పిలవండి. మొహమాటం వద్దు.

ఇంటికొచ్చాక కూడా 42 రోజుల దాకా జ్వరాన్ని "బాలింత ఒళ్ళు, మామూలే" అని తీసిపారేయకండి. నెలలు నిండకముందే హిమోగ్లోబిన్, బి.పి., బ్లడ్ గ్రూపు కాగితం మీద రాసిపెట్టుకోండి. రక్తం ఇచ్చేదెవరో, బండి ఎక్కడిదో ముందే అనుకోండి. బారసాలకి ముహూర్తం పెట్టేవాళ్ళం, ఈ మాత్రం ఆలోచించలేమా?